మొలెత్తు

టేపు సాగదీసి నేల నుంచి కొలుస్త:
యాభై ఏడు అంగుళాలు.
బొమ్మ నడిమి గక్కడికి రావాలె.
ఇరవై రెండేండ్ల సంది బంజారాహిల్స్ తెల్లగోడల మీద
గిదే లెక్క, గిదే సుత్తె.

ఎవ్వరి లెక్క సార్ అని ఓసారి అడిగిన.
సగటు మనిషి కండ్ల ఎత్తు, అన్నడు మేనేజరు.
గా సగటు మనిషిని నేనింక చూడలే.
బోరబండ బస్సు ఎన్నడూ ఎక్కలే ఆయన.
మా ఇంటామె తలకాయ గా గీతకు జానెడు కిందనే ఆగుతది.
వాచ్‌మన్ ఖాసిం సాబ్ స్టూలు మీద కూసుంటే
ఫ్రేము అడుగుకట్టె తప్ప ఏం కానరాదు.
తొమ్మిదేండ్లు కావలి గాసిండు, అడుగుకట్టెలకు.

పోయిన మాఘంల
అడ్డగుట్ట నుంచి ఆటోల వచ్చింది చిలివేరి స్రవంతి,
ఏడు బొమ్మలు పాత చీరల్ల చుట్టుకొని.
దరఖాస్తుకే రెండువేలు గట్టిన్నన్నది.
ఇంగ్లీషుల కాగితం రాసిమ్మంటే
ఇంటర్ చదివే పక్కింటి పిలగానితోటి రాయించుకున్నదట,
అందుల తన మాట ఒక్కటి లేదని నవ్వింది.
ఫ్రేముల పైసలు ఆమెవే. ఆటో కిరాయి ఆమెదే.
అమ్ముడువోతే సగం గోడది.
నాకైతే దినానికి ఎనిమిది నూర్లు, చాయ్ అలగ్.
బొమ్మ గీసినామెకు పేరొస్తదట.
పేరును ఏ కిరాణంల తీసుకుంటరో నాకు తెల్వదు.

సుత్తె ఎత్తంగనే అన్నది:
"అన్నా, జర కిందికి కొట్టు."
ఎంత కిందికి?
ఆమె గోడకు వీపానించి సక్లంముక్లం కూసున్నది.
"మా అమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది,
గిట్లనే కూసోని.
గిక్కడి నుంచే చూసి గీసిన."

అప్పుడు చూసిన బొమ్మను, మొల పండ్ల నడుమ వెట్టుకొని.
చాట అంచు గుట్ట లెక్క.
దారపుండ, కత్తెర, తునికాకు ఈనెలు,
వచ్చిపోయేటోళ్ల పాదాలు. మొగాలు లెవ్వు.
నిలబడి చూస్తే ఏదో జారిపోతున్నట్టు ఉండె.
నేను గూడ కూసున్న.
ఇల్లు ఇల్లయ్యింది.

మొల అంటే గోడకు దిగేది.
మొల అంటే మనిషికి నడుము.
నా సుత్తె బతుకుల గా రెండు ఒక్కతాన కలిసింది ఆ పొద్దే:
బొమ్మ నడిమి ముప్పై ఒకటికి,
మొల మొలెత్తుకు.
ఏడింటికి ఏడు.

మాపటికి మంది వచ్చిన్రు. ముందు తలుపు కాడ తొమ్మిది మెట్లు.
స్రవంతి వాళ్లమ్మ బాలవ్వను సామాన్ల లిఫ్టుల తెచ్చినం,
చెక్కపెట్టెల నడుమ. నేను రోజూ వచ్చే తోవ అది.
మోకాళ్లు ఒత్తుకుంట గోడ ముంగట చతికిలవడ్డది.
బొమ్మ కింద చీటీల ఏం రాసిన్రని ఖాసిం సాబ్‌ను అడిగింది.
ఆయనకు ఉర్దూ వస్తది, నాకు తెలుగు.
ముగ్గురం కలిసి చీటిని ఊకె చూసినం.
చాన సేపటికి బిడ్డ దిక్కు తిరిగి
"ఎండినంక తునికాకు గింత పచ్చగుంటదా?" అన్నది.

గ్లాసులు పట్టుకున్నోళ్లు కొందరు వంగిన్రు.
ఒకాయన, పట్టు లాల్చీ, మోకాలు నేలకానిచ్చిండు,
లేవంగ నన్ను చెయ్యిమ్మన్నడు.
ఇంకొకామె, "ఎవరు కొట్టారివి, ఇంత తప్పుగా?"

తెల్లారి మేనేజరు ఫోను: పైకి లేపు.
లేపిన. దినం కూలి మల్లొచ్చింది, అబద్ధమెందుకు.
పాత బొక్కల్ల పుట్టీ నింపి, ఆరినంక రంగేసిన.
అరచెయ్యి వెట్టి రాస్తే ఇప్పటికీ దొర్కుతయి,
నా మొలెత్తున, తెల్లదనం కింద, ఆరు.

ఏడోదాంట్ల పుట్టీ నింపలే.
ఖాసిం సాబ్ తన స్టూలు దానికి ఎదురుంగ జరుపుకున్నడు.